పావంగుళం మాస్టరు కొన్న లెన్సు

మా మామయ్య దర్జీ. వీధిలో ఎవరినడిగినా పావంగుళం మాస్టరు ఇల్లు వేలు పెట్టి చూపిస్తారు. ప్యాంటు పొడుగులో పావంగుళం తేడా వచ్చిందంటే విప్పి మళ్ళీ కుట్టేదాకా ఆయనకు అన్నం సయించదు. తొడుక్కునేవాడు బావుంది మొర్రో అన్నా వినడు. నేను ఆయన అక్క కూతురిని. చిన్నప్పటి నుంచి నా బట్టలన్నీ ఆయన కుట్టినవే. వాటిలో ఒక్కటైనా కాస్త వదులుగా, హాయిగా ఉన్న పాపాన పోలేదు.

అత్తయ్యది ఎడమచేతివాటం. పెళ్ళయిన కొత్తలో ఆయనకు సాయం చేద్దామని ఒక ప్యాంటు అంచు మడిచి కుట్టిందట. మామయ్య అది చూసి, "నీ కుట్లు అటు వాలాయి, నావి ఇటు వాలతాయి. కస్టమరు కనిపెట్టేస్తాడు" అని అప్పటికప్పుడు విప్పేశాడట. ఆ తరవాత ఆవిడ సూది ముట్టుకోలేదని మేమంతా అనుకున్నాం. గుండీలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దడం, కొలతల పుస్తకం రాయడం, రోజుకు పదిసార్లు ఆయన కళ్ళజోడు వెతికిపెట్టడం ఆవిడ పనులు. ఈ ఎడమచెయ్యి సంగతి కాస్త గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

నాలుగేళ్ళ కిందట నేను ఫోను కొనుక్కుని, మూలన పడేసిన నా పాత కెమెరా మామయ్యకిచ్చాను. దాంతో పాటు వచ్చిన చిన్న లెన్సు కూడా ఇచ్చాను. ఆయన ముందు ఆ కెమెరాకు ఒక కోటు కుట్టాడు, లోపల అస్తరు కూడా వేసి. ఆ తరవాతే ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. నాలుగింటికి మిషను ఆపేసి, అప్పటిదాకా చేత్తో కుట్టిన బట్టలన్నీ ఇస్త్రీ చేసి ఒక ఇనప దిమ్మ కింద పెట్టి, మేడెక్కుతాడు. మళ్ళీ ఆరింటికే దిగడం.

ఆ దిమ్మ ఎందుకని ఒకసారి అడిగాను.

"కుట్టగానే కుట్టు బెదిరిపోయి ఉంటుంది అమ్మాయ్. వంకరటింకరగా కనిపిస్తుంది. ఓ రెండు గంటలు బరువు కింద పెట్టామనుకో, దారం సర్దుకుంటుంది. తీసి చూస్తే గీత గీసినట్టుంటుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ కిటుకు నేను ఈమధ్యే కనిపెట్టాను" అన్నాడు గర్వంగా.

చిరిగిన సంచీ కూడా కుట్టుకోలేని దాన్ని, నాకేం తెలుస్తుంది? కాబోలు అనుకున్నాను.

ఈ ఏడాది పక్క మిల్లు ఆవరణలో ఉన్న నీళ్ళ ట్యాంకు కింద, ఇనప దూలాల సందులో గద్దలు గూడు పెట్టాయి. మామయ్య వాళ్ళ మేడ మీద నుంచి చూస్తే సరిగ్గా కళ్ళ ఎదురుగా ఉంటుంది, నడుమ సన్నటి సందు మాత్రమే అడ్డం. గద్దలు పుల్లలు మోసుకొచ్చే రోజుల్లో అత్తయ్య కూడా మేడెక్కి బట్టలారేస్తూ చూసేది. "మగవాడు తెచ్చిన పుల్ల ఆవిడకి నచ్చక కింద పారేసిందండీ, అచ్చం మనింట్లోలాగే" అని నవ్వేది. ఆ తరవాత ఆవిడ మోకాలు వాచింది. నాలుగంతస్తుల మెట్లు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈలోగా గూట్లో పిల్లలు పుట్టాయి. వాటి కీచుమనే అరుపు మాత్రం వంటింటి కిటికీలోంచి ఆవిడకు రోజంతా వినిపిస్తూనే ఉంటుంది.

"రెండున్నాయా, మూడా? ఈకలొచ్చాయా? ఎలా ఉన్నాయో ఒక్కసారి చూపించండీ" అని ఆవిడ రోజూ అడిగేది. ఆయన రోజూ ఫొటోలు తీసుకొచ్చేవాడు. కెమెరా వెనక తెర మీద ట్యాంకు ఉండేది, ఆకాశం ఉండేది, నడుమ నల్లగా ఏదో మసక ఉండేది. "ఇదేనా? బావుంది" అనేది అత్తయ్య పాపం. ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ తనకంటూ ఏదీ అడిగి ఎరగదు. ఇప్పుడు అడిగింది కూడా రెండు పక్షిపిల్లల్ని చూపించమని. అవి అప్పటికే గూటి అంచున నిలబడి రెక్కలాడిస్తున్నాయట. మహా అయితే వారం, పది రోజులు.

"ఈ లెన్సు గుడ్డిది. దూరం లాగే లెన్సు కావాలి, నాకందే ధరలో. రేపే వెళ్దాం" అన్నాడు మామయ్య.

పాత కెమెరాలు, లెన్సులు అమ్మే దుకాణం ఒకటి నాకు తెలుసు. కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఒక పెద్దావిడ నడుపుతుంది. మేం వెళ్ళేసరికి ఒక లెన్సును కిటికీ వెలుతురుకు పట్టి లోపల బూజు ఉందేమో చూస్తోంది. సంగతి విని మూడు లెన్సులు బల్ల మీద పెట్టింది. మొదటిది కొత్తది, తేలిక. రెండోది ఒకరు వాడింది, గొట్టం మీద గీతలు పడ్డాయి. మూడోది సొరకాయంత ఉంది, ధర వినగానే మామయ్య దాన్ని మర్యాదగా వెనక్కి జరిపేశాడు. మొదటి రెండింటి ధరా ఒకటే. రెండూ మూడొందల మిల్లీమీటర్ల దాకా లాగుతాయి.

మామయ్య మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది, బస్సెక్కినా తియ్యడు. కొత్త లెన్సు చేతిలోకి తీసుకుని, టేపు దించి, ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాడు. మొహం ఎర్రబడింది.

"మూడొందల మిల్లీమీటర్లంటే రమారమి అడుగు. ఇది జానెడు కూడా లేదు. నేను బట్టలో ఇంత కోత పెడితే కస్టమర్లు నన్ను బతకనిస్తారా అమ్మా?" అన్నాడు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినంత పనైంది. దుకాణం ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆ అంకె గొట్టం పొడుగు కాదండీ, దూరాన ఉన్నదాన్ని ఎంత దగ్గరికి తెస్తుందో చెప్పే లెక్క. పొడుగు బట్టి అమ్మేట్టయితే నేనూ టేపే పెట్టుకుందును" అంది. ఆయన టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు కానీ, నమ్మకం కుదిరినట్టు లేదు.

"గూడు ఎండలో ఉందా, నీడలోనా?" అని అడిగింది.

"నీడే. ట్యాంకు కింద."

"స్టాండు వేస్తారా, చేత్తో పట్టుకుంటారా?"

"చేత్తోనే. ఆ మూడుకాళ్ళదాన్ని నాలుగంతస్తులు ఎవరు మోస్తారు?"

"అయితే రెండోది తీసుకోండి. చెయ్యి కదిలితే లోపల అద్దం సర్దుకుని బొమ్మని నిలబెడుతుంది. మొదటిదాంట్లో ఆ ఏర్పాటు లేదు."

"ఒకరు వాడింది నాకొద్దు. నా చెయ్యెందుకు కదులుతుంది?" అన్నాడు మామయ్య, గొంతు పెంచి.

ఆవిడ వాదించలేదు. కొత్తది కెమెరాకు తగిలించి, గుమ్మంలో నిలబడి ఎదుటి వరండా నీడలో ఉన్న బోర్డు తియ్యమంది. తీశాడు. ఒక్కో అక్షరం రెండుగా వచ్చింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ అంతే. "లెన్సులో తేడా ఉంది" అన్నాడు. ఆవిడ అదే కెమెరా తీసుకుని, అదే బోర్డు తీసి చూపించింది. బోర్డు కింద మూలన చిన్నగా రాసిన ఫోను నంబరు కూడా చదవగలిగేట్టు వచ్చింది.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "మామయ్యా, కాస్త కదలకుండా పట్టుకో. పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాం" అని విసుక్కున్నాను.

"పట్టుకునే ఉన్నానే" అన్నాడు. ఆ గొంతు విని ఆయన చేతుల వైపు చూశాను. కెమెరా సన్నగా, ఆగకుండా అదురుతోంది. బిగించి పట్టుకున్న కొద్దీ ఇంకా ఎక్కువవుతోంది. ఏడాదికి పైగా ఆయన టీ సగం గ్లాసే పొయ్యమనడం, కవర్ల మీద చిరునామాలు నా చేత రాయించుకోవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అన్న మాట వెనక్కి తీసుకోగలిగితే బావుండును అనిపించింది.

మామయ్య కెమెరా బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా దుకాణం ఆవిడతో చెప్పాడు. "అమ్మా, నాకు చేతులు వణుకుతాయి. రెండేళ్ళయింది. ప్రమాదమేం లేదన్నాడు డాక్టరు. మిషను మీద ఆనిస్తే ఏం ఉండదు. గాల్లో పట్టుకుంటేనే."

ఆవిడ అయ్యో అనలేదు. అందుకు ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. రెండోది తగిలించి, గొట్టం పక్కనున్న చిన్న మీట పైకి జరిపి, "ఇప్పుడు తియ్యండి" అంది. తీశాడు. బోర్డు మీద అక్షరాలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. మామయ్య ఆ తెరను చాలాసేపు చూశాడు.

"కిందకి వంచితే గొట్టం జారుతుంది, అదొక్కటే లోపం. రబ్బరుబ్యాండు వేసుకోండి" అంది ఆవిడ.

"పట్టీ కుట్టుకుంటాను" అన్నాడు. బేరం కూడా ఆడలేదు.

బస్సులో లెన్సు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా స్టాపు వస్తుండగా, "మీ అత్తయ్యకి చెప్పకు. చేతికుట్టు పోయిందంటే ఇంకేం దర్జీనే నేను? బెంగపెట్టుకుంటుంది" అన్నాడు. సరేనన్నాను.

మర్నాడు నాలుగింటికి బట్టలు దిమ్మ కింద పెట్టి ఆయన మేడెక్కాడు. నేను ఆఫీసు నుంచి ఆరున్నరకు వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చి, "నీ ల్యాప్‌టాప్ పెట్టు, పెద్దగా చూపించాలి" అని చిన్నపిల్లాడిలా తొందరపెట్టాడు. బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టాను. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ మోకాలి కింద దిండు పెట్టాడు.

గద్దపిల్లలు రెండు. తలల మీద లేత పసుపు చారలు, మెడ దగ్గర ఇంకా ఊడని తెల్లటి నూగు. పెద్దది మనల్నే నిలదీస్తున్నట్టు చూస్తోంది, చిన్నది నోరు తెరుచుకుని ఉంది. అత్తయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దస్తమానం అరిచేది ఇదేనన్నమాట. దీని మొహం మండా, ఎంత ముద్దుగా ఉందో!" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామయ్య పిల్లల్ని చూడలేదు, ఆవిడనే చూస్తున్నాడు. లెన్సు డబ్బులు అక్కడికక్కడే ముట్టాయనుకున్నాను.

నాలుగో ఫొటోలో చిన్నపిల్ల కాస్త పక్కకు జరిగింది. దాని కింద పుల్లల్లో తెల్లటి గుడ్డ ఒకటి, ఎర్రదారం అంచుతో.

"నా రుమాలు!" అని కేకేశాడు మామయ్య.

మా వీధి చివరి పళ్ళ డాక్టరు తెల్ల రుమాళ్ళు ఆరు కుట్టించుకున్నాడు, అంచులన్నీ ఎర్రదారంతో చేతికుట్టే కావాలన్నాడు. సుద్ద గుర్తులు పోవాలని వాటిని తడిపి మేడ మీద ఆరేస్తే ఒకటి మాయమైంది. మామయ్య పైవాటాలో ఉండే ఆయన్ను అనుమానించి నెలరోజులు పలకరించలేదు. మళ్ళీ ఒకటి కుట్టి లెక్క సరిచేసి ఇచ్చాడు.

"గద్ద ఎత్తుకుపోయిందా! పాపం, ఆయన్ని అనవసరంగా... సరే, అది అలా ఉంచు. ఆ అంచు పెద్దది చెయ్యి అమ్మాయ్. నా కుట్టు ఎలా ఉందో మీ అత్తయ్యని చూడనీ" అన్నాడు ఉత్సాహంగా. పెద్దది చేశాను. తెల్లగుడ్డ మీద ఎర్రటి కుట్లు ఒకదాని పక్కన ఒకటి, సమానంగా, శుభ్రంగా కనిపించాయి. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. అలాగే ఉండిపోయాడు.

కుట్లన్నీ అటు వాలి ఉన్నాయి.

మామయ్య మెల్లగా లేచి, ఇనప దిమ్మ ఎత్తి, ఆ మధ్యాహ్నం కింద పెట్టిన ప్యాంటు తీసి అంచు తిప్పి చూశాడు. దీపం దగ్గర పెట్టి మళ్ళీ చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"రెండేళ్ళ నుంచి. మీరు మేడెక్కగానే విప్పేసి మళ్ళీ కుట్టేదాన్ని. మీరు దిగే అడుగులు వినగానే దిమ్మ కింద పెట్టేసేదాన్ని" అంది అత్తయ్య, తప్పు చేసినట్టు.

"నాకు చెప్పలేదే?"

"మీరు నాకు చెప్పారా?"

రోజూ ఆయన వణుకు దాచుకుని మేడెక్కితే, ఆవిడ ఏమీ తెలియనట్టు కింద కూర్చుని ఆయన పరువును కుట్టు కుట్టుగా నిలబెట్టిందన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"కస్టమరు కనిపెట్టేస్తాడన్నాను కదూ, అప్పట్లో" అన్నాడు మామయ్య చివరికి.

"ఒక్కరూ కనిపెట్టలేదు. మీతో సహా" అంది అత్తయ్య. ఆ మాటకు ముందు ఆయనే నవ్వాడు.

నాలుగు రోజుల్లో పిల్లలు రెండూ ఎగిరిపోయాయి. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి మామయ్య లెన్సు గొట్టానికి టేపు చుట్టి కొలుస్తున్నాడు, పావంగుళం సందు వదిలి. సాగే పట్టీ కత్తిరించి, సూదితో సహా అత్తయ్య ఒళ్ళో పెట్టాడు. అంతలో పళ్ళ డాక్టరు వచ్చాడు.

"మాస్టారూ, ఇంకో ఆరు రుమాళ్ళు కావాలి. అంచులు మాత్రం అదే చేత్తో కుట్టాలి సుమండీ, అంత పని నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు.

మామయ్య చేతిలో టేపు వణుకుతోంది. ఆయన దాన్ని దాచుకోలేదు.

"ఆ చెయ్యి నాది కాదండీ, మా ఆవిడది. ఎప్పటికి కావాలో ఆవిడనే అడగండి" అన్నాడు.

అత్తయ్య తలెత్తకుండా దారం కొరికి, "బుధవారానికి ఇస్తామండీ" అంది.