గుంపుకు దూరంగా ఒక చుక్క

సగటు అనే మాటను మీరు ఎన్నడైనా అనుమానించారా? శాస్త్రం చెప్పిందనీ పెద్దలు చెప్పారనీ దేన్నీ నమ్మవద్దని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను, అంకె ముందు మాత్రం నలభై ఏళ్లు చేతులు కట్టుకొని నిలబడ్డాను.

మొన్న ఆదోనిలో మా మనవరాలు, నేను పంటల లెక్కల ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసుకున్న నోటుపుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఏదో సాఫ్ట్‌వేర్‌లో బొమ్మగా చూపించింది. అడ్డంగా వాన, నిలువుగా శనక్కాయ దిగుబడి, ఒక్కో చేనుకు ఒక్కో చుక్క. కరువేడాది చుక్కలన్నీ అడుగున ముద్దగా పడివుంటే ఒక్కటి మాత్రం ఎక్కడో పైన ఒంటరిగా నిలబడింది. "ఇది తప్పు పడినట్టుంది తాతా, తీసేద్దునా?" అంది. అది మా మేనమామ పేరున నేను రాసిన చుక్క.

పెద్దకడుబూరు దగ్గర మామవాళ్ల ఊరు. దిగుబడి లెక్కకు ఆఫీసు తీసే చీటీలో ఏ చేను వస్తే ఆ చేనులోనే నాలుగు మేకులు పాతి, తాడు కట్టి, అందులోని కాయలు పెరికి తూచాలి. అలాంటి నాలుగైదు తూకాల సగటును బట్టే ఊరికి కరువు సాయం. ఆ ఏడు మామ చేను వచ్చింది. మామ నన్ను పక్కనే బావి కింద పచ్చగా ఉన్న వేరొకరి చేనికి నడిపించాడు.

"ఇది నీది కాదు గదా మామా!"

"ఎండిన చేను గవర్మెంటుకు సూపించి నవ్వులపాలు కమ్మంటావా అల్లుడా? ఈడ పెరుకప్పా. సదువుకున్నోడివి, మామ పరువు నిలబెట్టలేవా?"

గడప తొక్కినవాడికి ఖాళీ చేట చూపించని మనుషులు వాళ్లు. నేనూ నవ్వి, రాసేశాను.

ఆ ఒక్క తూకంతో సగటు లేచింది. కరువు జాబితాలో ఊరి పేరు లేదు. మామా అత్తా ఎమ్మిగనూరులో బస్సెక్కి గుంటూరు మిరపకోతలకు పోయారు. తిరిగి అత్త ఒక్కతే వచ్చింది. విధి అని అందరూ ఏడ్చారు. విధిని నమ్మని నాకు ఆ ఓదార్పు కూడా లేదు; రాసింది నేను.

ఆనాడు అంకెలను బారుగా పేర్చి కూడుకునేవాళ్లం, కూడికలో మామ కలిసిపోయాడు. ఈనాడు రెప్పపాటులో కంటికి కనబడతాడు, రెప్పపాటులో తుడిచేయనూవచ్చు. చేని గట్టుదాకా నడిచేవాళ్లే లేరు.

మీ తెరమీద గుంపుకు దూరంగా ఒక చుక్క కనబడితే తీసేయకండి. లేచి వెళ్లండి. ఆ చేను ఎవరిదో అడగండి.