బొట్టు పెట్టిన పుట్టగొడుగు పలకలు

2023లో నేను మేడ్చల్ దగ్గర ఒక డిజైన్ కాలేజీలో మెటీరియల్ ల్యాబ్ చూసేవాణ్ణి. పర్యావరణానికి హాని చెయ్యని వస్తువులు విద్యార్థులతో తయారు చేయించడం నా పని. గేటు దగ్గర ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉండేది కాబట్టి మా నిబద్ధత రోడ్డు మీదికే కనిపించేది.

ఆ ఏడాది చివరి సంవత్సరం చదువుతున్న మౌనిక మైసీలియం పలకలు పెంచింది. మైసీలియం అంటే పుట్టగొడుగు కింద అల్లుకునే తెల్లటి పోగులు. వరిగడ్డి తరుగులో పెంచితే అవి గడ్డిని పట్టుకుని పలకలా బిగుసుకుంటాయి. ఓవెన్‌లో ఆరబెట్టి రేకుల ఇంటి కప్పు కింద బిగిస్తే వేడి తగ్గుతుంది. పెరిగినన్నాళ్లూ మాత్రం బాలింత గదిలా కాపాడాలి. దుమ్ము, చెయ్యి తగలకూడదు. అందుకే ప్లాస్టిక్ టెంటులో ఉంచాం. గడ్డి శామీర్‌పేట దగ్గర వాళ్ల బాపు పొలంలోది. ఆ యాసంగి కోత తర్వాత పొలంలో ప్లాట్ల రాళ్లు మొలిచాయి.

దసరా సెలవులవగానే జ్యూరీ, అంటే బయటివాళ్ల ముందు ప్రాజెక్టు పరీక్ష. తప్పితే ఏడాది పోతుంది.

సెలవులకు ముందు ఆయుధపూజ. ఏ పరికరాన్నీ వదలొద్దని డైరెక్టర్ గారి ఆజ్ఞ. సెలవులయ్యాక వచ్చి చూస్తే టెంటు తెరిచి ఉంది. ప్రతి పలక మీదా పసుపు, కుంకుమ.

"టెంటు ఎవరు తెరిచిండ్రు, యాదగిరన్నా?" మౌనిక మా వర్క్‌షాప్ సూపర్‌వైజర్‌ని అడిగింది.

"నేనే బిడ్డా. డ్రిల్లు మిషన్‌కు పెట్టి గీటికి పెట్టకుంటె మంచిగుంటదా? పానమున్నదని నువ్వే చెప్తివి గద."

"ముట్టొద్దని గూడ చెప్పిన."

"ముట్టకుండ బొట్టెట్ల పెడ్తరు?"

పసుపు పడ్డచోట పోగులు ఎదగలేదు. మిగతాచోట పచ్చబూజు బాగా ఎదిగింది.

మళ్లీ పెంచాలంటే వారాలు పడుతుంది, జ్యూరీ వాయిదా వెయ్యమన్నాను. ముఖ్య అతిథి డేటు ఖాయమైపోయిందన్నారు డైరెక్టర్ గారు. మౌనిక వైపు తిరిగి, "ఏం పర్లేదమ్మా, థర్మోకోల్‌తో చేయించి పెట్టేద్దాం. తెల్లగా, నీట్‌గా ఉంటుంది. వచ్చేవాళ్లేం కొరికి చూడరు కదా" అన్నారు.

"థర్మోకోల్ వద్దనే గద సార్ నా ప్రాజెక్టు?"

"అది రిపోర్టులో రాయమ్మా."

ఆమె బూజు పట్టిన పలకలే పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేనూ చెప్పాను. జ్యూరీ పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆలోచన బాగుంది కానీ శుభ్రత లేదన్నారు. ఫెయిల్. డైరెక్టర్ గారు గండిమైసమ్మ చౌరస్తాలో చేయించిన థర్మోకోల్ పలక మాత్రం కాలేజీ బ్రోషర్ అట్టకెక్కింది, 'సజీవ పదార్థం' అన్న పేరుతో.

"మీ బాపు ఏమన్నాడు?" అని అడిగాను.

"'పొలం నేను ఖరాబ్ జేసిన, గడ్డి మీ కాలేజోళ్లు ఖరాబ్ జేసిండ్రు, బరాబర్' అన్నడు సార్." ఆమె నవ్వలేదు. మరుసటి ఏడాది మళ్లీ చేరనూ లేదు.

సజీవ పదార్థాల గురించి అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: వాటికి చావుంటుంది. థర్మోకోల్‌కు ఆ లోపం లేదు. ఆ పలక ఇప్పటికీ కాలేజీ రిసెప్షన్‌లో చెక్కుచెదరకుండా ఉంది. పోయిన దసరాకు దానికీ బొట్టు పెట్టారు. ఏమీ కాలేదు.