సోల్డరింగ్ లేని అతుకు

బంగారం అంగళ్ల ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినవాణ్ణి. అతుకు అంటే టంకం పెట్టి అతికిందేనని నమ్మినవాణ్ణి. అలాంటి నాకు ముసలితనంలో దాపురించింది, ఈ సోల్డరింగ్ అక్కర్లేని కనెక్టర్. తీగ తోలు ఒలిచి, రంధ్రంలో దూర్చి, స్క్రూ బిగిస్తే చాలట. దీన్ని అభివృద్ధి అంటున్నారు.

నా పని వేబ్రిడ్జిలకు సీరియల్ కేబుళ్లు తయారుచేయడం. లారీ కాటా ఎక్కగానే తూకం చూపే పెట్టె ఒకటుంటుంది. అందులోని అంకెను కంప్యూటర్‌కు మోసుకుపోయేదే ఈ కేబుల్. ఒక్కో కంపెనీ పెట్టెలో తీగల వరస ఒక్కో తీరు కాబట్టి అంగట్లో దొరికేది దేనికీ కుదరదు. ఆ వరసలు నాకు ఏ బడీ చెప్పలేదు. చెడిపోయిన రేడియోలు విప్పి, ఇంగ్లీషు కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. జమ్మలమడుగు బండల ఫ్యాక్టరీలో నేను సోల్డరింగ్ చేసిన కేబుల్ రాతి దుమ్ములో ఏళ్లుగా పనిచేస్తోంది. దాని గురించి ఎవరూ ఫోన్ చేయరు. చెడనిదానికి పేరెందుకు వస్తుంది?

పులివెందుల వేబ్రిడ్జి యజమాని మాత్రం నా మాట వినకుండా స్క్రూ కనెక్టర్ తెప్పించి తానే బిగించుకున్నాడు. దసరా మరునాడు పొద్దున్నే ఫోన్.

"మామా, పెట్టెలో తూకం బాగనే కనపడ్తాంది. కంప్యూటర్లో పిచ్చి గీతలు వస్తాండాయి. చీటీ రాల్యా. అరటికాయల లారీ నిలబడిపోయింది."

నిజం చెప్పాలంటే సంతోషమేసింది. ముద్దనూరు మీదుగా పోయే బస్సులో కూర్చుని, అతనికివ్వబోయే ఉపన్యాసమంతా సిద్ధం చేసుకున్నాను.

దిగేసరికి ఎండ ముదిరింది. లారీ పక్కన అరటి రైతు కూలబడి ఉన్నాడు. తడి గోనెపట్టాలు కప్పినా కాయ వేడెక్కుతోంది. పండుబారితే ఢిల్లీ దాకా ఆగదు. కంప్యూటర్ చీటీ లేనిదే కొనేవాడు సరుకు దించుకోడు.

"చేత్తో రాసీయప్పా అంటే ఈ కాటాయన ఇనడు," అన్నాడు రైతు. "నా కాయ మాగిపోతాంది."

గదిలోకి వెళ్లి కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టాను. వేళ్లకు ఎర్రగా, తడిగా అంటింది. యజమాని తల్లి నిన్న ఆయుధపూజ చేసిందట. కాటాకు, పెట్టెకు, మౌసుకు, చివరికి కనెక్టర్‌కు కూడా పసుపు నీళ్లు పూసి కుంకుమ అద్దింది. మూతలేని స్క్రూల సందుల్లోకి ఆ ముద్ద దిగి, తీగకూ తీగకూ వంతెన కట్టేసింది. అందుకే ఆ పిచ్చి గీతలు.

"చూసినావా?" అన్నాను యజమానితో. "టంకం పెట్టి, మూత బిగించింటే ఈ గతి పట్టేదా? అతుకంటే ఏందో తెల్సా..."

"మామా, ఆ పాఠం మా లారీ కదిలినాక చెప్పుదువు," అన్నాడు రైతు వాకిట్లోంచి.

తుడవబోతుంటే యజమాని తల్లి వచ్చింది.

"యాడ తుడుస్తాండావు? అది పూజ జేసిన బొట్టు!"

"బొట్టు నుదుటికి పెట్టాలక్కా, నోట్లో కుక్కితే ఎట్లా?"

"దానికి నుదురు యాడుందో నువ్వేమన్నా చెప్పినావా?"

కనెక్టర్‌కు నుదురుంటుందని ఏ కాగితంలోనూ చదివిన గుర్తు లేదు.

రైతు లోపలికొచ్చి చేతులు జోడించాడు. "అవ్వా, నీ కాళ్లకు మొక్కుతా. ఏడాది పంట లారీలో ఉంది."

ఆమె కనెక్టర్ వంకా, రైతు వంకా చూసింది. "తుడువు. మళ్లా బొట్టు పెట్టేది మాత్రం నేనే," అంది.

స్క్రూలు విప్పి, సందులు తుడిచి, తీగల కొసలు కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాను. టంకం అతుకైతే కరిగించి, ఊడదీసి, మళ్లీ అతకాలి. ఇది టీ తాగేంతలో అయిపోయింది. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తెర మీద తూకం కుదురుగా నిలబడింది. చీటీ రాగానే రైతు దాన్ని లాక్కుని లారీ ఎక్కాడు.

"అవ్వా, వచ్చే పండక్కి కంప్యూటర్ జోలికి పోవాకు!" అని కేకేశాడు.

"పూజ జేయబట్టే గదరా ఇంత బిరీన బాగయ్యింది!" అంది ఆమె, కుంకుమ భరిణె మూత తీస్తూ.

యజమాని అవునన్నట్టు తలూపాడు. లారీ అప్పటికే రోడ్డెక్కేసింది. ఆమెతో వాదించడానికి నేనొక్కణ్ణే మిగిలాను.