బోధన్ దారి కాంటాకు సార్ రాసిన డ్రైవర్

మా కంప్యూటర్ సార్ పోయిన శుక్రవారం నిజామాబాద్‌లో కన్నుమూశారు. చెరకు కోతలు మొదలయ్యేలోపు ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఒక మాట చేరాలి. అందుకే ఆగకుండా ఇప్పుడే ఈ పత్రికకు రాస్తున్నాను.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. సార్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించడానికి వచ్చిన రోజు అమ్మ లోపలి కంప్యూటర్‌ను చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“ఏస్కొనే రా చెల్లె. గది దేవుడు గాదు, డబ్బా” అన్నారు సార్.

మరోసారి సార్ మా ఇంటికొస్తే, బీడీలు చుడుతూ అమ్మ నా గురించి ఆయన్నే అడిగింది: “నిద్రల గూడ హెడర్లు, హెడర్లు అంటది సారూ. ఏందవి?”

కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నల్. మనం చేసిన పరికరాన్ని దానితో కలిపేది డ్రైవర్. ఆ డ్రైవర్ ఏ కొలతల్లో ఉండాలో చెప్పేవి కెర్నల్ హెడర్లు. సార్ ఇదేదీ చెప్పలేదు. అమ్మ ఒళ్లోని బీడీల చాట, అందులో ఆకు మీద కొలతకు పెట్టి కత్తిరించే రేకు చూశారు.

“ఒక కార్ఖానా రేకుతోని కత్తిరించిన ఆకు ఇంకో కార్ఖానల నడుస్తదా?”

“యాడ నడుస్తది! మొఖం మీద కొడ్తరు.”

“హెడర్లంటే గా రేకే. ఏ కెర్నల్‌ది దానికే.”

ఆ రోజు నుంచి అమ్మ నన్ను “రేకు దొరికిందా?” అని ఆటపట్టించేది.

బోధన్ దారిలో రైతులు తమ చెరకు తామే తూచుకోవాలని కలిసి కాంటా పెట్టుకున్నారు. దాన్ని కంప్యూటర్‌తో కలిపే కార్డు సార్ చేత్తో చేశారు. డ్రైవర్ రాసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, హెడర్ ఫైలును పేపర్ చదివినట్టు పైకి చదివేవారు. మధ్యలో ఎవరో రాసిపెట్టిన వివరణ కనిపిస్తే, “ఖుష్ ఉండు భాయ్, మంచిగ రాసినవ్” అని తెరకు దండం పెట్టేవారు.

“సారూ, మీ డబ్బాకు చెరుకు రసం తాపాల్నా?” అన్నాడొక రైతు.

“దానికి ఉపాసం. నాకు తాపు.”

ఈ ఏడాది కాంటా మార్చారు. డ్రైవర్ కూడా మార్చాలి. అక్కడి కంప్యూటర్‌లోని కెర్నల్ సార్ తన అవసరానికి మార్చి కట్టుకున్నది, నెట్‌లో దొరకదు. దాని హెడర్లు ఆయన రాసిన ఒక్క సీడీలోనే ఉన్నాయి. ఆ సీడీ ఆయన దగ్గర లేదు. ఆసుపత్రి మంచం దగ్గర సార్‌ను అడిగాను, దాన్ని ఎవరికిచ్చారని.

“అడిగినోనికిచ్చిన బిడ్డా. పేరు యాదికి లేదు. మొఖం యాదికున్నది, మంచోడే.” మళ్లీ ఆయనే, “కోతలకు ముందు జేస్తవా?” అన్నారు.

“జేస్త సార్.”

దానికి దగ్గరగా ఉన్న ఇంకో కెర్నల్ హెడర్లతో ప్రయత్నించాను. డ్రైవర్ తయారైంది కానీ కంప్యూటర్ దాన్ని లోపలికి రానివ్వలేదు. ఇది కుదరకపోతే ఈ ఏడాది రైతులు తమ తూకం తాము చూసుకోలేరు.

ఆ మంచివాళ్లు మీరే కావచ్చు. సీడీ మీద నీలం సిరాతో “కాంటా” అని సార్ రాత ఉంటుంది. నవంబర్ పదో తారీఖులోపు ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి, ఏ ఊరైనా నేనే వచ్చి తీసుకుంటాను. గీతలు పడి ఉన్నా పారేయకండి. చదవగలిగినంత చదువుకుంటాను.