నొప్పి తెలియని ఎడమ చెయ్యి

ఎనభైల మొదట్లో సంగతి. దుర్గిలో మా రాతిపని షెడ్డు కింద కూర్చుని నంది మెడలో గంటలు చెక్కుతున్నాను. సుత్తి జారి ఎడమచేతి చిటికెన వేలి మీద పడింది. రాతి మీదికి నెత్తురు కారుతుంటే చూసి, అది నాదేనని తెలుసుకున్నాను. నొప్పి లేదు.

పక్కనే పనిచేస్తున్న కోటయ్య బాబాయి నవ్వాడు. "ఇప్పటికి నీ చెయ్యి కాయగాసిందిరా. ఇంకేంది, శిల్పివయ్యావు పో!"

మాలో అది మెచ్చుకోలు. ఉలి పట్టే చెయ్యి మొద్దుబారితే పని ఒంటబట్టిందనుకుంటాం. నేనూ అలాగే మురిసిపోయాను. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి ఉంటే చొక్కా చేతులు దించుకుని తిరిగాను. బీడీ కాలి వేళ్ళ మధ్య బొబ్బ లేచినా తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

రాయి చూడటానికని ఇంట్లో చెప్పి నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు కళ్ళు మూసుకోమన్నారు. దూది ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టమన్నారు. చానాసేపు ఎదురుచూసి, "మొదలుపెట్టండి సార్" అన్నాను.

"అయిపోయిందయ్యా" అన్నారాయన.

చెవి తమ్మె దగ్గర కొద్దిగా గీరి పరీక్షకు స్కిన్ స్మియర్ తీశారు. "లెప్రసీ. నెర్వ్ దెబ్బతింటోంది. డాప్సోన్ రోజూ వేసుకో. మచ్చ తగ్గిందని మానొద్దు" అన్నారు.

నా భార్య రమణమ్మకు బలం బిళ్ళలని చెప్పాను. కొన్నాళ్ళకు మచ్చ తగ్గింది. మానేశాను. ఆసుపత్రి వరండాలో ఆ మందుల లైన్లో నిలబడితే ఎవరైనా చూస్తారని భయం. చూస్తే గుడి పనులు ఇవ్వరు. సగం చెక్కిన రాయిని నేనెప్పుడూ వదల్లేదు. మందుల్ని వదిలాను.

మరుసటి ఎండాకాలం జ్వరం పట్టుకుంది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోయాయి. రమణమ్మే నన్ను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరుగారు నన్ను గుర్తుపట్టి, "ఎందుకు మానేశావు?" అని అడిగారు.

"ఏం మానేశాడు సార్?" అంది రమణమ్మ.

ఆమెకు సంగతి తెలిసింది అలాగ. మాచర్లలో బస్సు దిగాక ఒక్కటే అడిగింది. "నాకూ పిల్లకూ చూపించాలని నీకు అనిపించలేదా?"

తర్వాత ఆమే పిల్లను తీసుకెళ్ళి ఇద్దరికీ పరీక్ష చేయించింది. ఏమీ లేదన్నారు.

ఇది జబ్బు రియాక్షన్, నరం వాచిందని చెప్పి నాకు స్టెరాయిడ్ బిళ్ళలు, వేళ్ళు ఇంకా ముడుచుకోకుండా చేతికి స్ప్లింట్ ఇచ్చారు. డాప్సోన్ మళ్ళీ మొదలైంది, ఈసారి మాచర్ల ఆసుపత్రిలోనే తీసుకోమన్నారు. కాస్త తేరుకున్నాక నేను వెళ్ళగలిగేవాణ్ణే. అయినా వెళ్ళలేదు. నెలనెలా మాచర్ల వెళ్ళి, మా ఆయన లేవలేడని చెప్పి ఆమే మందులు తెచ్చేది. లైన్లో ఆమెను మా వీధివాళ్ళు చూశారు. జబ్బు ఆమెదేనని చెప్పుకున్నారు. బొట్టు పెట్టి పేరంటానికి పిలవడం మానేశారు.

"నీ పేరు చెప్తే నీకు పనిస్తారా? ఊరుకో" అంది రమణమ్మ.

ఊరుకున్నాను. షెడ్డులో ఎవరో జాలిగా "మీ ఇంటామెకు ఎట్లా ఉందిరా?" అని అడిగితే, పర్వాలేదని తల ఊపాను. సిగ్గు కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే ఆశ్చర్యంగా ఉంటుంది.

తర్వాత మా వైపు మూడు మందుల పద్ధతి వచ్చింది. అందులో నెలకోసారి వేసేది ఆసుపత్రివాళ్ళ ఎదురుగా మింగాలి.

"ఇక నేను పోతే కుదరదంట. నీ బదులు నేను మింగలేనుగా. లెయ్" అంది రమణమ్మ.

వెళ్ళాం. మా వీధి సుబ్బులక్క, కూతురి దగ్గుకు మందు కోసం వచ్చి అక్కడే కూర్చుంది. "ఏమే రమణమ్మా, నీ బిళ్ళలకు మొగుణ్ణి కూడా తోడు తెచ్చుకున్నావా?" అంది. రమణమ్మ నా వైపు చూడలేదు. లోపలినుంచి నా పేరు పిలిచారు. గుమ్మం దగ్గరే వంకర వేళ్ళ చెయ్యి చాపి బిళ్ళలు తీసుకుని అందరి ముందూ మింగాను. ఆ తర్వాతే మాట వచ్చింది.

"జబ్బు నాది అక్కా. మొదట్నించీ నాదే."

రమణమ్మ సంచి చంకన పెట్టుకుని, "పద, బస్సు పోద్ది" అంది.

ఇప్పుడు మందులు అయిపోయాయి. స్మియర్‌లో ఏమీ లేదని డాక్టరుగారే ఆపమన్నారు. వేళ్ళు మాత్రం మళ్ళీ తిన్నగా కాలేదు. విగ్రహానికి కళ్ళు తీర్చే పని నాకిక రాదు. రోళ్ళు, మెట్ల రాళ్ళు చేస్తున్నాను. వీధిలో కొందరు రమణమ్మను మళ్ళీ పిలుస్తున్నారు, కొందరు పిలవడం లేదు. పిలిచినచోటికి వెళ్ళి వస్తుంది. ఆ రోజుల గురించి ఆమె నన్ను అడగలేదు.

ఈ జబ్బు వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మచ్చ పోయినా సరే, డాక్టరు ఆపమనేదాకా బిళ్ళలు మానకండి. వాటికోసం లైన్లో మీరే నిలబడండి. మీ బదులు ఇంకెవరినీ నిలబెట్టకండి.