పడుగు మీదికి జారిన పిస్తోలు

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా గుజరాతీల ఊరు ఉధ్నాలో, వలస వచ్చిన మా తెలుగు నేతవాళ్లు కిరాయికి తీసుకుని నడిపే ఒంటి గది గ్రంథాలయంలో చదువుకున్నాను. అక్కడి తెలుగు పుస్తకాలు అయిపోయాక హిందీవి పట్టాను. అవీ అయిపోయాక అక్షరం అక్షరం కూడబలుక్కుని గుజరాతీ నేర్చుకున్నాను. పన్నెండు గంటలు సాంచాల ముందు నిలబడేవాడికి పుస్తకం ఎందుకని నవ్వినవాళ్లు ఉన్నారు. నవ్వనీ. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. దాని మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. రోజంతా ఆ మోతలో ఉండేవాడికి కాగితం మీది మాట ఎంత తీపో వాళ్లకు తెలియదు.

మొదటి లాక్‌డౌన్‌లో గ్రంథాలయం మూతపడ్డప్పుడు నా దగ్గర ఒక హిందీ పుస్తకం ఉండిపోయింది. వాచ్‌మన్ పనికి పోయేవాళ్ల కోసం రాసిన పుస్తకం అది. ముప్పై ఏళ్ల మోతకు నా చెవులు మందగించాయి. ఎక్కడైనా గేటు దగ్గర కూర్చునే పని దొరుకుతుందేమోనని తెచ్చుకున్నాను. నవాగామ్‌లో మా గది దాటి బయటికి పోయే వీల్లేదు, చదవడానికి ఇంకొకటి లేదు. మూడుసార్లు చదివాను. అందులో ఒక అధ్యాయమంతా నడుముకు పిస్తోలు పెట్టుకునే కాపలాదారు గురించే.

అందులో ఉన్నదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒర లేకుండా పిస్తోలు నడుములో దోపుకోవద్దు. ఆ ఒర గట్టిది కావాలి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, వంగినా కూర్చున్నా జారకుండా బెల్టుకు బిగిసి ఉండాలి. ఉత్త గుడ్డలో దోపితే రాపిడికి సేఫ్టీ మీట ఎప్పుడు పక్కకు జరుగుతుందో తెలియదు. చొక్కా అంచో నాడా ముడో ట్రిగ్గర్‌లో దూరితే అంతే. ఇక చివరి మాట నాకు వింతగా తోచింది. పిస్తోలు జారితే పట్టుకోబోవద్దు, పడనివ్వాలి. కింద పడితే పేలేది తక్కువ. పట్టుకోబోయే చేతి వేలు మాత్రం సరాసరి ట్రిగ్గర్ మీదికే పోతుంది.

మా కార్ఖానా సేఠ్ గుజరాతీవాడు కాదు, మా జిల్లా మనిషే. ఒకప్పుడు నా పక్క సాంచాలు నడిపినవాడు. నాలుగు సాంచాలు కొని, వాటిని నలభై చేసి సేఠ్ అయ్యాడు. అందులో నాకు కుళ్లు లేదు, కష్టపడ్డాడు. పిస్తోలుకు లైసెన్సు కూడా ఉంది. అయితే చాలా ఏళ్లు అది బీరువా దాటి బయటికి రాలేదు. మమ్మల్ని ఊళ్లకు పంపండని కూలీలంతా రోడ్డెక్కిన రోజు నుంచి నడుముకెక్కింది. దొంగల భయం అనేవాడు. దొంగలు అంతకు ముందు లేరా? ఆకలితో రోడ్డు మీద నిలబడ్డ మనుషులను చూసి, వాళ్లతో పదేళ్లు ఒకే కార్ఖానాలో చాయ్ తాగినవాడు పిస్తోలు తీశాడు. నా కోపం తూటా పేలిన రోజు మొదలైంది కాదు. పిస్తోలు నడుముకెక్కిన రోజే మొదలైంది.

కార్ఖానాలు మళ్లీ తెరిచాక సేఠ్‌కు కరోనా వచ్చింది. ఆస్పత్రిలో ఇరవై రోజులు పడి లేచి సగం మనిషై వచ్చాడు. బెల్టు చివరి చిల్లు దాకా లాగినా ప్యాంటు వదులే. ఆ వదులు ప్యాంటులో, ముందుభాగాన, లూజు చొక్కా కింద పిస్తోలు మాత్రం ఎప్పటిలాగే దోపుకుని తిరుగుతున్నాడు. చూసి ఊరుకోలేక చాయ్ వేళకు అడిగాను.

"అన్నా, దానికి ఒర లేదా?"

"ఉన్నది. బీరువల ఉన్నది. గా తోలు చెమటకు ఒరుసుకపోయి నడుమంత మంట తమ్మీ. ఉబ్బెత్తుగ బయటికి గూడ కనబడ్తది."

"మరి లోపల తూటా ఎక్కిచ్చి పెట్టినవా?"

"ఎక్కియ్యక? దొంగొచ్చినంక, జర ఆగు బిడ్డా, ఎక్కిచ్చుకుంట అనాల్నా?"

"గట్ల పెట్టొద్దన్నా. వంగినప్పుడు జారుతది. సేఫ్టీ దానంతటదే జరుగుతది. పుస్తకంల రాసి ఉన్నది."

సేఠ్ అందరి వైపూ తిరిగాడు. "ఇన్నరా? నేను పిస్తోలు పట్టి ఎనిమిదేండ్లాయె. ఈయన పుస్తకం పట్టి నాకు నేర్పుతుండు. లైబ్రరీ సారూ, అన్నం ఎట్ల తినాల్నో గూడ పుస్తకంల ఉంటదా?"

అందరూ నవ్వారు. నా బామ్మర్ది కూడా నవ్వాడు. వాడు నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, మా గదిలోనే ఉంటూ అదే కార్ఖానాలో పనిచేసేవాడు. నవ్వినందుకు వాడి మీద నాకు ఇప్పుడు కోపం లేదు.

వారం తిరగలేదు. బామ్మర్ది నడిపే సాంచా మీద బట్టలో గీత పడుతోందని సేఠ్ చూడడానికి వచ్చాడు. వాడు ఆ సాంచా ఆపి పక్కన నిలబడ్డాడు. సేఠ్ పడుగు మీదికి, సాంచాకు బిగించిన నిలువు పోగుల మీదికి, బాగా వంగాడు. రెండు సాంచాల అవతలి నుంచి నేను చూస్తూనే ఉన్నాను. చొక్కా కింద నుంచి నల్లటిది పైకి తేలి, ముందుకు జారి, బిగించిన పోగుల మీద పడబోయింది. బామ్మర్ది చేతులు రెండూ చాచాడు.

ఇక్కడ మా పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సాంచా నేర్చుకునేవాడికి మొదటి పాఠం, పడుగు మీద ఏదీ పడనీయకపోవడం. కత్తెర పడ్డా, నూలు కండె పడ్డా పదుల కొద్దీ పోగులు తెగుతాయి. ఒక్కో పోగు కొస వెతికి, ముడేసి, మళ్లీ దువ్వెన పళ్లలాంటి అచ్చులోకి ఎక్కించేసరికి పూట గడిచిపోతుంది. ఆ పాఠం తిట్లతో, మొట్టికాయలతో ఒంటికి పడుతుంది. అందుకే పడుగు మీద ఏదైనా జారితే మా చేతులు మమ్మల్ని అడగవు. పడేది ఏమిటో కళ్లు పోల్చుకునే లోపే అవి పోయి పట్టుకుంటాయి.

పిస్తోలు పేలిన శబ్దాన్ని ఆ మోతలో ఎవరూ పోల్చుకోలేదు. తెల్లటి బట్ట మీద ఎర్రగా పరుచుకోవడం చూసి నేను ఉరికాను. బామ్మర్ది కుడి చేత్తో పిస్తోలును పట్టుకునే ఉన్నాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్లూ చితికిపోయాయి. పోగులు మాత్రం ఒక్కటీ తెగలేదు.

ఆస్పత్రివాళ్లు ముందు కరోనా పరీక్ష అన్నారు, తర్వాత తూటా గాయం గనక పోలీసులకు చెప్పాలన్నారు. చివరికి రెండు వేళ్లూ తీసేశారు. వాడికి మత్తు దిగేలోపే సేఠ్ పోలీసు జమాదారుకు తన వాంగ్మూలం ఇచ్చేశాడు. తాను వంగి ఉండగా పనివాడు నడుములోంచి పిస్తోలు గుంజాడట. ఒర లేకుండా, తూటా ఎక్కించి, జనం మధ్య తిరిగానని చెబితే లైసెన్సు పోతుంది. అందుకని రెండు వేళ్లు పోగొట్టుకున్నవాణ్ని దొంగను చేశాడు.

"బావా," అన్నాడు బామ్మర్ది, కళ్లు తెరవగానే. "నన్ను లోపలేస్తరా?"

"ఎవడేస్తడు?" అన్నాను. అన్నానే గాని, తుపాకీ దొంగతనం అంటే చిన్న కేసు కాదు.

మర్నాడు పొద్దున జమాదారు కార్ఖానాకు వచ్చాడు. సాంచాలన్నీ ఆపించారు. జారడం నేను కళ్లారా చూశానని హిందీలో చెప్పాను. ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి నన్ను ఎగాదిగా చూశాడు.

"పిస్తోల్ జారితే ఎవడైనా వెనక్కి దుముకుతాడు. మీవాడు ముందుకు చేయి చాచాడు. ఎందుకు? దొంగ కాబట్టి."

"మా పని అట్లాంటిది సాబ్."

"ఏ పనైనా ప్రాణం కన్నా ఎక్కువా?"

మాటలతో ఆయనకు ఎక్కేలా లేదు. సేఠ్‌ను అడిగాను, నిన్న ఎట్లా వంగావో సాబ్‌కు చూపించమని. విసుక్కుంటూనే వంగాడు. నేను జేబులోంచి కత్తెర తీసి, పడుగుకు జానెడు పైనుంచి వదిలాను.

పట్టుకున్నది సేఠే. నేను వదిలిన కత్తెర పోగులను తాకకముందే ఆయన కుడి చేయి వచ్చి దాని మొనను దొరకబుచ్చుకుంది. అరచేతిలో చిన్న రక్తపు బొట్టు తేలింది. ఆయన ఆ చేతిని చూసుకున్నాడు, నా వైపు చూడలేదు.

వెనక నుంచి ఒక ముసలి నేతగాడు తాపీగా అన్నాడు: "సాంచా ఇడిసి పన్నెండేండ్లాయె సేఠ్. చెయ్యి మాత్రం ఇడువలే."

ఎవరూ నవ్వలేదు. జమాదారు సేఠ్‌ను పక్కకు తీసుకుపోయాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నెల తిరగకముందే సేఠ్ నడుముకు నల్లటి తోలు ఒర వచ్చింది, ట్రిగ్గర్ నిండా కప్పేది, బెల్టుకు బిగిసి కూర్చునేది. లైసెన్సు ఎట్లా నిలిచిందో, చెమట మంట ఏమైందో ఏమో. ఎంత జాగ్రత్త మనిషి అని పొగిడినవాళ్లూ ఉన్నారు. బీరువాలో పడి ఉన్న తోలుముక్కను తీసి తగిలించుకోవడానికి మా బామ్మర్ది వేళ్లు రెండు ఖర్చయ్యాయని ఒక్కడూ అనలేదు.

కార్ఖానాకు వచ్చిపోయిన రోజు సాయంత్రమే జమాదారు ఆస్పత్రికి గుజరాతీలో రాసిన కాగితం తెచ్చాడు. మంచం పక్కన నిలబడి గబగబా హిందీలో చదివాడు. పిస్తోలు జారి పడిందని, పనివాడు పట్టుకోబోతే పేలిందని. బామ్మర్దికి పెన్ను అందించాడు.

"ఒకసారి ఇవ్వండి సాబ్," అన్నాను.

"నీకు గుజరాతీ వచ్చా?"

"నెమ్మదిగా వచ్చు."

వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. నాలుగో వరుసలో ఆగాను. సేఠ్ నడుము మీద చేయి వేసి పిస్తోలు తీస్తుండగా, అని ఉంది. జారడం ఊసే లేదు. కార్ఖానాలో అంత జరిగాక, అందరి కళ్ల ముందూ చూశాక, మళ్లీ అదే మాట రాసుకొచ్చి, మా చెవులకు వేరేగా వినిపించాడు. చదువురానివాడికి రాసేది ఒకటి, వినిపించేది ఒకటి. ఇట్లాంటి కాగితాల మీద మావాళ్లు ఎంతమంది వేలిముద్ర వేసి ఉంటారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"సాబ్, మీరు చదివింది ఇందులో లేదు."

"ఒక్క ముక్క అటూ ఇటూ అయి ఉంటుంది. నువ్వేమన్నా వకీలువా?"

"ఆ ముక్కకే వాడు జైలుకు పోతాడు."

బామ్మర్ది పెన్ను దుప్పటి మీద పెట్టేసి, కుడి చేతిని దుప్పటి కిందికి తీసుకున్నాడు. "బావ చదివి సరే అంటెనే సాబ్," అన్నాడు హిందీ, తెలుగు కలిపి. జమాదారు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చునేంత గట్టిగా నన్ను తిట్టాడు. నేను కాగితం తిరిగి ఆయన చేతికిచ్చి నిలబడ్డాను. చివరికి స్టూలు లాక్కుని కూర్చుని కొత్తది రాశాడు.

చదివాను. ఒక్కో వరుసకూ తెలుగు చెప్పి, బామ్మర్దితో తిరిగి అనిపించాను. నడుములోంచి జారింది. పడుగు మీద పడబోయింది. పట్టుకోబోయాడు. చివరిదాకా వచ్చాక మళ్లీ మొదటికి పోయాను.

"ఎన్నిసార్లు చదువుతావు?" అన్నాడు జమాదారు.

"ఇంకొక్కసారి సాబ్," అన్నాను, చదివాను. అప్పుడు బామ్మర్ది దుప్పటి కింద నుంచి చేయి బయటికి తీసి పెన్ను అందుకున్నాడు.