నీటిబండి ప్రదక్షిణలు

డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో, లోకంలోని యంత్రాలన్నీ నా కోసమే పాడవుతున్నాయని నాకు గట్టి నమ్మకం. సెల్‌ఫోనున్నవాళ్లు అది పైకి కనపడేలా జేబులో పెట్టుకు తిరిగే కాలమది. ఆకివీడులో చేపల చెరువులున్న మా పెదనాన్నగారు ఎక్కడో వేలంలో ఎనిమిది చక్రాల బండొకటి కొన్నారు. నేలమీద నడుస్తుంది, నీళ్లమీద తేలుతుంది. కొల్లేటి బురదలో మాత్రం చక్రాలు గిర్రున తిరిగేవి, బండి ఉన్నచోటే ఉండేది. దాంతో ఆ చక్రాలపైన తొడగడానికి రెండు రబ్బరు ట్రాకులు తెప్పించి (యుద్ధట్యాంకుకి ఉంటాయే, అలాంటివి) బండితో సహా ఏలూరులోని మా నాన్నగారి రిపేరు షెడ్డుకి పంపారు.

"ఇది ఆడపిల్లలు చేసే పని కాదులే," అన్నాడు మా బావ. (మేనత్త కొడుకు. తాడేపల్లిగూడెంలో ట్రాక్టర్లు అమ్మే కొట్లో పనిచేస్తూ, ట్రాక్టరుని తానే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు.) పొద్దుట్నించి భోజనాల వేళదాకా గడ్డపారతో మొదటి ట్రాకుమీద కుస్తీ పట్టాడు. దాని రెండు కొసలూ జానెడు దూరంలో ఆగిపోయి, కలవమంటే కలవమన్నాయి.

"గాజులు తొడగడం ఎప్పుడైనా చూశావా బావా? చెయ్యి బిగబట్టుకుంటే ఎక్కుతాయా?" అన్నాను. అతనికి అర్థమయ్యేలోగా టైర్లన్నిట్లోనూ గాలి తీసేశాను. చక్రాలు మెత్తబడ్డాయి, కొసలు కలిశాయి, వాటిని బిగించే పిన్ను దిగింది. మళ్లీ గాలి కొట్టేసరికి ట్రాకు బిర్రుగా కూర్చుంది. రెండోదీ అంతే.

మర్నాడు కొల్లేటి గట్టు దగ్గర ట్రయల్. చేపల వ్యాపారులందరినీ పిలిచి, పెదనాన్నగారు తెల్లపంచెతో వెనక సీట్లో దర్జాగా కూర్చున్నారు. నడపాల్సింది నేను. కానీ బావ ముందే ఎక్కేసి, "ట్రాకులు నేనే బిగించానండీ!" అని గట్టుమీదివాళ్లకి చెప్పేశాడు. నేను కిమ్మనకుండా పక్కన కూర్చున్నాను. (ఊరుకోవడంలో ఇంత సుఖముందని ఆ రోజే తెలిసింది.)

బండి బురద దాటి బాతులా నీళ్లలోకి దిగింది. దానికి స్టీరింగు లేదు, రెండు కర్రలే. ఎడమది లాగితే ఎడమ ట్రాకు ఆగిపోయి బండి అటు తిరుగుతుంది. కంగారులో బావ ఎడమ కర్ర పట్టుకుని వదల్లేదు. బండి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"ఏరా అల్లుడూ, ప్రదక్షిణలు చాల్లే, ఒడ్డుకి పోనీరా!" అన్నారు పెదనాన్నగారు, పంచె పైకెత్తి పట్టుకుని.

"వస్తున్నానండీ మావయ్యా!" అంటూ బావ ఇంకా గట్టిగా లాగాడు. గట్టుమీద నవ్వులే నవ్వులు.

"ట్రాకులు ఎవరు బిగించారు బావా?" అన్నాను మెల్లగా.

"నువ్వే."

"గట్టుకి వినబడలేదు."

"నువ్వేనే తల్లీ, నువ్వే బిగించావు!" అని అతను పెట్టిన కేకకి రెల్లుగడ్డిలోని కొంగలన్నీ లేచిపోయాయి. అతని చెయ్యి కర్రమీంచి తీసి, రెండు కర్రలూ నేనందుకున్నాను. బండి బుద్ధిగా ఒడ్డుకొచ్చింది.

ఇప్పుడు నాకు చత్వారం వచ్చింది. నేను చేసిన పని ఎవరైనా తమదని చెప్పుకుంటే, పోనీలే పాపం అని ఊరుకుంటున్నాను. అందరూ దీన్ని పెద్దరికం అంటున్నారు. గ్రీజు చేతుల ఆ పిల్ల వింటే మాత్రం నన్ను చూసి పకపకా నవ్వుతుంది. నాకూ నవ్వే వస్తుంది, కాస్త బెంగగా.